డాష్‌బోర్డు విప్పిన తర్వాతే స్టీరియో ఎంచుకున్నాను

దారి చెబుతున్న ఫోను హోల్డర్‌లోంచి జారి నా కాళ్ల దగ్గర పడింది. వర్షం, రద్దీ, ఎదురుగా లారీ వెనక ఎర్ర దీపాలు. ఫోను దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంది. పాదం నొక్కితే పెడల్ సగంలోనే ఆగిపోయింది. బండి నడక వేగంలో ఉంది కాబట్టి హ్యాండ్ బ్రేకు లాగి పక్కకు తీసి ఆపగలిగాను. వంగి ఫోను అందుకున్నప్పుడు నా వేళ్లు వణుకుతున్నాయి. దారి చూపే తెర ఇకమీదట డాష్‌బోర్డులో బిగించి ఉండాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

నా కారు పాతది. కంపెనీ బిగించి ఇచ్చిన స్టీరియోలో రేడియో, సీడీ, ఒక యూఎస్‌బీ రంధ్రం ఉన్నాయి, అంతే. ఇంజను మాత్రం ఆరోగ్యంగా ఉంది. ఇంకా చాలా ఏళ్లు తిరిగే బండిని ఒక్క తెర కోసం మార్చడం నాకు ఇష్టం లేదు. అందుకే బయట దొరికే టచ్‌స్క్రీన్ స్టీరియోల వేటలో పడ్డాను. ఆ వేట నెల రోజులకు పైగా సాగింది.

మొదటి వారమంతా బొమ్మలు చూడటంతోనే గడిచింది. పది అంగుళాల తెర, ఎనిమిది జీబీ ర్యామ్, నాలుగు స్పీకర్లకు తలా యాభై వాట్లు అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఒకదాన్ని దాదాపు కొనేశాను. అమ్మేవారు ఒక మాట అడిగారు: "మీ బండికి ఏ ఫ్రేమ్ పడుతుంది? వెనక ఏ కప్లర్ ఉంది?" ఫ్రేమ్ అంటే స్టీరియో చుట్టూ బిగించే చట్రం, కప్లర్ అంటే కారు వైర్లన్నీ కలిసి వచ్చే ప్లగ్గు. నా దగ్గర జవాబు లేదు. నేను కొనబోయే వస్తువు గురించి అంత చదివి, అది కూర్చోవలసిన చోటు గురించి ఏమీ తెలుసుకోలేదని అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, కాసేపు ఆగి, డాష్‌బోర్డు విప్పడం మొదలుపెట్టాను. ఇనుప స్క్రూడ్రైవర్‌తో ప్లాస్టిక్‌ను పైకెత్తితే గీతలు పడతాయి. అందుకే దీనికోసమే అమ్మే ప్లాస్టిక్ పట్టీలు వాడాను. బండిని కాసేపు ఎండలో ఉంచాక విప్పడం మంచిది. చలిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉండి క్లిప్పులు విరుగుతాయి, వెచ్చబడితే కొంచెం సాగుతాయి. పట్టీని అంచులో దూర్చి మెల్లగా తిప్పుతుంటే ఒక్కో క్లిప్పు 'టక్' మంటూ వదిలింది. ప్రతి శబ్దానికీ ఏదో విరిగిందేమోనని ఆగి చూశాను. ఏదీ విరగలేదు. లోపల నాలుగు స్క్రూలు తీస్తే పాత స్టీరియో, వెనక వైర్ల గుత్తితో సహా చేతిలోకి వచ్చింది.

స్కేలు పెట్టి కొలిచాను. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 100. అందరూ 'డబుల్ డిన్' అనే కొలత ఇదే. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరుకు పొడి అక్షరాలు. పాత కాలపు కారు రేడియోకు వారు ఖరారు చేసిన కొలత 180 వెడల్పు, 50 ఎత్తు. దానికి రెట్టింపు ఎత్తు కాబట్టి డబుల్. కొన్ని జపాన్ కార్లలో వెడల్పు 200 మిల్లీమీటర్లు ఉంటుంది. అలాంటి చోట 180 స్టీరియో పెడితే రెండు పక్కలా సందు మిగులుతుంది, దాన్ని మూయడానికి పట్టీలు వేరే కొనాలి.

లోతు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. ఆ గూటి వెనక ఏసీ గొట్టమో, అడ్డంగా వెళ్లే ఇనుప కడ్డీయో ఉంటుంది. స్టీరియో పట్టడమే కాదు, దాని వెనక కప్లర్లు, అడాప్టర్లు, మిగిలిన వైరు చుట్ట కూడా పట్టాలి. నాకు దొరికిన చోటు 17 సెంటీమీటర్లు. సీడీ యంత్రం లేని కొత్త రకాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. సీడీ, డీవీడీ యంత్రంతో వచ్చేవి నా బండిలో కష్టమని ఆ రోజే తేలిపోయింది.

తర్వాత ఒక అట్టపెట్టె తెచ్చి 25 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక ముక్క కత్తిరించాను. నేను మోజుపడిన పది అంగుళాల తెర, దాని అంచులతో కలిపి దాదాపు అంత ఉంటుంది. డాష్‌బోర్డు మీద టేపుతో అతికించి డ్రైవరు సీటులో కూర్చున్నాను. ఏసీ గాలి వచ్చే రంధ్రాలు సగం మూసుకుపోయాయి. ప్రమాద హెచ్చరిక దీపాల స్విచ్చు పూర్తిగా అట్ట వెనక్కి వెళ్లిపోయింది. బండి ఆగిపోయినప్పుడు వెతుక్కోకుండా చేతికి అందాల్సిన స్విచ్చు అది. ఆ అట్టముక్క తీసేసినప్పుడే పది అంగుళాల మోజు కూడా తీరిపోయింది.

పైగా పెద్ద తెర అంటే స్పష్టమైన తెర అనుకుంటాం. ఇంటికి వచ్చి లెక్క వేశాను. 1024×600 చుక్కల పది అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 119 చుక్కలు పడతాయి. మామూలు 800×480 ఏడు అంగుళాల తెరలో 133. అంటే చవక రకం ఏడు అంగుళాల తెరే దానికంటే నయం. అదే ఏడు అంగుళాల్లో 1280×720 ఉంటే దాదాపు 210. దారి పటంలో సందుల పేర్లు ఒక్క చూపులో చదవగలమా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. కొనేవారు అంగుళాలతో పాటు అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అన్న రెండు అంకెలు కూడా అడగాలి.

వైర్ల దగ్గర నాకు ఒక పూట పట్టింది. బ్యాటరీ మళ్లీ తగిలించి, వోల్టులు, కరెంటు, నిరోధం కొలిచే మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. బయట కొనే స్టీరియోల వైర్లకు దాదాపు అందరూ పాటించే రంగులు ఉన్నాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ వైరు, ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు, నలుపు ఎర్తు. స్పీకర్లకు తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా. ప్రతి జంటలో నల్లచార ఉన్నది నెగటివ్. కారు వైపు ఉన్న వైర్లు మాత్రం ఈ రంగుల్ని పాటించవు, కంపెనీకో పద్ధతి. అందుకే రంగును నమ్మకుండా మీటరునే నమ్మాను. తాళం తీసేసినా 12 వోల్టులకు పైన చూపించేది ఒకటి, తాళం తిప్పితేనే మేలుకునేది ఇంకొకటి, హెడ్‌లైట్లు వేస్తే కరెంటు వచ్చేది మరొకటి. ఆ మూడో వైరు చిన్నదే కానీ ముఖ్యమైనది. దాన్ని కలిపితే రాత్రి లైట్లు వేయగానే తెర తనంతట తాను మసకబడుతుంది. కలపకపోతే చీకటి రోడ్డు మీద ఆ తెల్లని వెలుగు కంట్లో గుచ్చుకుంటుంది.

స్టీరింగ్ మీది బటన్లు పోతాయేమోనని నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ. వాటికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో ప్రతి బటన్ వెనక ఒక్కో రెసిస్టర్ ఉంటుంది, ఏ బటన్ నొక్కామన్నది ఆ నిరోధం విలువను బట్టి స్టీరియో పోల్చుకుంటుంది. రెండో పద్ధతిలో బటన్ల సమాచారం కారు కంప్యూటర్ల మధ్య నడిచే క్యాన్ తీగల మీద వెళ్తుంది, దాన్ని చదవడానికి ఆ కారు కోసమే చేసిన డీకోడర్ డబ్బా కావాలి. సంబంధిత వైరుకూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టి శబ్దం పెంచే బటన్ నొక్కాను. నిరోధం చూపే ఓమ్‌ల అంకె మారింది. తగ్గించే బటన్ నొక్కితే ఇంకో అంకె. ప్రతి బటన్‌కూ వేరే విలువ, వదలగానే మళ్లీ మొదటి అంకె. మొదటి పద్ధతే. నా సంతోషం అంతా ఇంతా కాదు. స్టీరియో వెనక 'కీ 1', 'కీ 2' అని రాసిన వైర్లు ఉంటే చాలు, బటన్లన్నీ పనిచేస్తాయి.

ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాకే మళ్లీ దుకాణాల గడప తొక్కాను.

మార్కెట్‌లో రెండు జాతులు ఉన్నాయి. ఒకటి తనంతట తానే ఒక ఆండ్రాయిడ్ కంప్యూటర్. యాప్‌లు అందులోనే వేసుకోవచ్చు, సిమ్ కూడా పెట్టుకోవచ్చు. రెండోది పేరున్న ఆడియో కంపెనీలు చేసే రిసీవర్. అందులో సొంత యాప్‌లు ఉండవు, ఫోనును తగిలిస్తే, ఫోనులోని దారి పటం, పాటలు, కాల్స్ కారు తెర మీద చూపే ఆపిల్ కార్‌ప్లే గానీ ఆండ్రాయిడ్ ఆటో గానీ తెర మీదికి వస్తుంది. 2014లో కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో వచ్చినప్పటి నుంచి ఈ రెండో జాతికి అర్థమే మారిపోయింది. ఆలోచించే పని ఫోనుది, చూపించి వినిపించే పని స్టీరియోది. ఫోను మారితే స్టీరియో కూడా కొత్తదైనట్టే. మొదటి జాతిలో మెదడు డబ్బాలోనే ఉంటుంది కాబట్టి అది ముసలిదైతే డబ్బా మొత్తం ముసలిదవుతుంది. పైగా పేరు లేని కొన్ని రకాల్లో సెట్టింగుల్లో చూపే ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ నిజమైనవి కావు. ఆ అంకెలు మార్చి పెడతారు. పది నిమిషాలు వాడి చూడకుండా అలాంటిది కొనకూడదు.

నా మనసు తేల్చింది మాత్రం ఒక స్నేహితుడి కారు. ఆయన బండిలో ఆండ్రాయిడ్ డబ్బా ఉంది. పొద్దున్నే, బండి రాత్రంతా నిలిచి ఉన్నాక, ఆయన తాళం తిప్పి వెంటనే రివర్స్ గేరు వేశారు. తెర మీద కంపెనీ గుర్తు తిరుగుతోంది. నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది అన్నాక గాని వెనక దృశ్యం రాలేదు. అప్పటికే ఆయన అలవాటుగా అద్దాల్లో చూసుకుంటూ సగం వెనక్కి వచ్చేశారు. వెనక పాకే పిల్లవాడున్నా, ఆడుకునే పిల్లవాడున్నా ఆ తొమ్మిది సెకన్లలో కెమెరా ఉన్నా లేనట్టే. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకు వెనక కెమెరా తప్పనిసరి. రివర్స్ గేరు పడిన రెండు సెకన్లలోగా దృశ్యం కనబడాలని ఆ నిబంధన చెబుతుంది. దాన్నే నా కొలబద్దగా పెట్టుకున్నాను. కొన్ని ఆండ్రాయిడ్ రకాలు కెమెరాను వేరే చిప్‌తో నడిపి వెంటనే చూపిస్తాయి కూడా. అందుకని జాతిని చూసి తోసిపుచ్చకుండా ప్రతిదాన్నీ పూర్తిగా ఆపించి, మళ్లీ వేయించి, సెకన్లు లెక్కపెట్టాను.

రెండో పరీక్ష ఎండ. దుకాణంలో ఏ తెర అయినా వెలిగిపోతుంది. ఆ బల్ల మీది డబ్బాను తలుపు దగ్గరకు తెచ్చి ఎండ పడేలా పెట్టమని అడిగాను. కొందరు విసుక్కున్నారు, ఒకాయన మాత్రం ఓపిగ్గా పొడవైన వైరుతో తెచ్చి పెట్టారు. ఆ ఓపికను నేను మరచిపోలేదు. ఇంకో సంగతి: నేను బండి నడిపేటప్పుడు పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగునే వదిలేవి, పెట్టుకుంటాను. వాటితో చూస్తే ఒక తెర దాదాపు నల్లబడింది. తల పక్కకు వంచితే మళ్లీ కనిపించింది. ఎల్‌సీడీ తెర వెలుగు కూడా ఒకే దిశలో పోలరైజ్ అయి వస్తుంది, ఆ దిశ కళ్లద్దాల దిశకు అడ్డం పడితే వెలుగు ఆగిపోతుంది. మీకు అలాంటి కళ్లద్దాలుంటే దుకాణానికి పెట్టుకుని వెళ్లండి.

తాకే పద్ధతి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫోనులా తేలిగ్గా తాకితే స్పందించే కెపాసిటివ్ తెర తీసుకోండి. గట్టిగా నొక్కాల్సిన రెసిస్టివ్ రకం ఇంకా అమ్ముతున్నారు, అది రోడ్డు మీద నుంచి చూపును ఎక్కువసేపు లాగేస్తుంది. శబ్దం పెంచడానికి తగ్గించడానికి మాత్రం చేతికి తగిలే నిజమైన బటన్ ఉండాల్సిందే. గతుకుల్లో వేలు తెర మీద సరైన చోట ఆగదు.

ఇక వాట్ల సంగతి. దీని గురించి నాకు కోపమే ఉంది. దాదాపు ప్రతి పెట్టె మీదా '50 వాట్లు × 4' అని ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓమ్‌లు. వోల్టుల వర్గాన్ని ఓమ్‌లతో భాగిస్తే 51.8 వస్తుంది. పెట్టె మీది యాభై అక్కడిదే. కానీ అది శబ్దతరంగం శిఖరాలన్నీ తెగిపోయి చదునైన గోడలా మారినప్పటి లెక్క. అప్పుడు వినిపించేది పాట కాదు, గరగర. శుద్ధమైన తరంగానికి గరిష్ఠం అందులో సగం, అంటే 26 వాట్ల లోపు. నిజంగా శుభ్రంగా వచ్చేది ఇరవై అటూ ఇటూ. మంచి కంపెనీలు ఈ అసలు విలువను ఆర్‌ఎంఎస్ అని లోపలి కాగితంలో రాస్తాయి. అది రాయని కంపెనీని నేను జాబితాలోంచి తీసేశాను. వాట్ల కంటే వెనక ఉండే ప్రీఅవుట్ రంధ్రాలు, అంటే బయటి యాంప్లిఫయర్‌కు శబ్ద సంకేతాన్ని పంపే రంధ్రాలు చూడటం మేలు. రేపు యాంప్లిఫయర్ పెట్టాలనిపిస్తే ముందు, వెనక, సబ్‌వూఫర్ కోసం మూడు జతలు ఉండి, వాటి వోల్టేజీ 2 కంటే 4 అయితే రొద తక్కువగా కలుస్తుంది.

చివరికి ఏడు అంగుళాల రిసీవరు తీసుకున్నాను. 1280×720 తెర, కింద బటన్ల వరుస, రెండు సెకన్లలోపు కెమెరా, తీగతోనూ తీగ లేకుండానూ ఫోను కలిసే ఏర్పాటు. తీగ లేకుండా కలిపినప్పుడు మొదట బ్లూటూత్‌తో పలకరించుకుని, ఆ తర్వాత అసలు పని వైఫై మీద నడుస్తుంది. అందువల్ల దూర ప్రయాణంలో ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ తరుగుతుంది. చిన్న దూరాలకు తీగ లేకుండా, పెద్ద దూరాలకు తీగతో వాడుతున్నాను.

బిగించే రోజు నేను పక్కనే నిలబడ్డాను. కుర్రవాడు పనిమంతుడే కానీ తొందరలో ఉన్నాడు, కారు కప్లర్ కత్తిరించడానికి కటింగ్ ప్లేయర్ తీశాడు.

"వద్దు బాబూ, అది కోయకు. ఈ బండి కప్లర్‌కు సరిపోయే అడాప్టర్ తెచ్చుకున్నాను."

"కోసి టేపు చుడితే అయిదు నిమిషాల పని సార్."

"తెలుసు. అయినా నాకు కోయకుండానే కావాలి."

వైరు కోస్తే వారంటీ పేచీలు వస్తాయి. ఆ టేపు ఎండకు జిగురు వదిలేస్తే ఏ రోజు ఏ వైరు దేనికి తగులుతుందో చెప్పలేం. అడాప్టర్ తగిలించాక 'క్లిక్' అని కూర్చుంది. ఆ కుర్రవాడే దాన్ని రెండు సార్లు లాగి చూసి తల ఊపాడు.

మొదటి సాయంత్రమే రేడియో గురగురమంది. పాత స్టీరియోలో స్పష్టంగా వచ్చిన స్టేషన్లు కూడా మూగబోయాయి. కారణం యాంటెన్నా. నా బండి కప్పు మీది పొట్టి యాంటెన్నా లోపల చిన్న యాంప్లిఫయర్ ఉంది, దానికి 12 వోల్టులు కావాలి. పాత స్టీరియో ఆ కరెంటును యాంటెన్నా తీగలోంచే పంపేది, కొత్తది నీలం వైరు ద్వారా ఇస్తుంది. ఆ రెంటినీ కలిపే అడాప్టర్ పెట్టగానే స్టేషన్లన్నీ తిరిగొచ్చాయి. రేడియో సరిగా రావడం లేదని స్టీరియోనే తిట్టుకునేవారు ముందు ఇది చూసుకోవాలి.

మైకు విషయంలో నేను మొండిగా ఉన్నాను. మా నాన్నగారికి వినికిడి తగ్గింది. ఆయన రోజూ సాయంత్రం నేను ఇంటికి బయల్దేరే వేళకు ఫోను చేస్తారు. స్టీరియో ముఖం మీదే ఉండే చిన్న మైకుతో మాట్లాడితే "ఏదో హోరు వస్తోందిరా, నువ్వేమంటున్నావో తెలియడం లేదు" అన్నారు. అది ఏసీ గాలి హోరు. పెట్టెలో వచ్చిన తీగ మైకును బయటికి తీసి, మొదట స్టీరింగ్ కాండం మీద, తర్వాత ఎండ పడకుండా దించుకునే పలక దగ్గర, చివరికి ముందు అద్దం పక్క స్తంభం మీద పెట్టి మూడు సాయంత్రాలు ఆయనతోనే పరీక్షించాను. ఆ స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉంది కాబట్టి తీగ దాని ముందునుంచి కాకుండా వెనకనుంచి వెళ్లేలా చూసుకున్నాను. మూడో సాయంత్రం నాన్నగారు "ఇంకా ఆఫీసులోనే ఉన్నావా?" అని అడిగారు. నేను అప్పటికి పెద్ద రోడ్డు మీద ఉన్నాను. మైకు ఇప్పటికీ అక్కడే ఉంది.

చివరి పని బ్యాటరీది. బండి నిద్రపోయాక కొత్త స్టీరియో ఎంత కరెంటు తాగుతోందో చూడాలి. తలుపులన్నీ వేసి, తాళం తీసి, మల్టీమీటర్‌ను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ దాని తీగకూ మధ్య వరుసలో పెట్టాను. మీటరు అలా ఉండగా తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. మొదట్లో అంకె పెద్దగానే ఉంటుంది, కారులోని చిన్న కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోవాలి. అరగంట ఓపిక పట్టాను. అంకె దిగుతూ వచ్చి 24 మిల్లీఆంపియర్ల దగ్గర నిలిచింది. 50 లోపు ఉంటే మంచిదని లెక్క. పసుపు, ఎరుపు వైర్లు తప్పుగా కలిపినా, నిద్రపోని డబ్బా కొన్నా ఇదే అంకె 300 కూడా చూపించవచ్చు. అంటే రోజుకు 7.2 ఆంపియర్ గంటలు. 60 ఆంపియర్ గంటల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగం ఖాళీ.

పాత స్టీరియోను పారేయలేదు. దాని నాలుగు స్క్రూలు, పాత ఫ్రేమ్ ఒక సంచిలో వేసి, వైర్ల రంగులు రాసుకున్న కాగితం కూడా అందులోనే మడిచి పెట్టి, అటక మీద దాచాను. కప్లర్ కోయలేదు కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు అది మళ్లీ తన చోట్లో కూర్చుంటుంది.